జాక్లిన్ ద రోమిలీ: ఒక గ్రీకు గద్యగ్రంథము, ఒక పండితజీవితము

1973వ సంవత్సరమున పారిసు నగరమందలి కొలేజ్ ద ఫ్రాన్స్ అను విద్యాపీఠము తన ఆచార్యపదవులలో ఒకదానిని మొట్టమొదటిసారిగా ఒక స్త్రీకి ఒసగెను. ఆ విద్యాపీఠమును 1530లో మొదటి ఫ్రాన్స్వా రాజు నెలకొల్పెను. అనగా 443 సంవత్సరములపాటు అందు స్త్రీ ఆచార్యురాలు లేదు. ఆ పదవి నందుకొన్నది గ్రీకు సాహిత్యపండితురాలు జాక్లిన్ ద రోమిలీ. రెండేండ్లు గడవగనే, 1663లో స్థాపితమైన శాసన సాహిత్య అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. అచ్చటను ఆమెయే ప్రథమ మహిళ. 1988లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికైనప్పుడు మాత్రము ఆమె రెండవది. ఎనిమిదేండ్లకు పూర్వమే నవలారచయిత్రి మార్గరీత్ యూర్సెనార్ ఆ సభకు ఎన్నికై యుండెను.

ఆమెను గూర్చిన వ్రాతలు పెక్కు ఈ పట్టికతోడనే మొదలై ఈ పట్టికతోడనే ముగియును. పట్టికలో అసత్యమేమియు లేదు. కాని అది ద్వారములను గూర్చి చెప్పునేకాని, ద్వారము దాటి లోనికేగిన పండితురాలు అచ్చట నేమి చేసినదో చెప్పదు. ఆమె కీర్తికి మూలము థ్యూసిడిడీసు అను గ్రీకు చరిత్రకారుని గ్రంథమును ఆమె చదివిన తీరు. ఆ తీరు తెలియనిచో ఈ గౌరవములు ఏల లభించినవో తెలియదు. ఇవి లభించుచున్న కాలముననే ఆమె విద్యకు ఆ దేశమున ఎట్టి గతి పట్టెనో అదియు బోధపడదు.

జాక్లిన్ 1913 మార్చి 26న షార్త్ర్ పట్టణమున జన్మించెను. తండ్రి మాక్సీమ్ దావిద్ తత్త్వశాస్త్రోపాధ్యాయుడు, యూదు వంశీయుడు. 1914లో మొదటి ప్రపంచసంగ్రామము ఆరంభమైన స్వల్పకాలమునకే ఆయన యుద్ధరంగమున మరణించెను. తల్లి జాన్ నవలలు వ్రాయుచు ఏకైక సంతానమైన కుమార్తెను పెంచి విద్యావతిని గావించెను. ఫ్రాన్సులో ఉన్నతపాఠశాలల ఉత్తమ విద్యార్థులకు ఏటేట జరుగు జాతీయ పోటీపరీక్షకు 'కోంకూర్ జెనెరాల్' అని పేరు. ఆ పరీక్షకు బాలికలను తొలిసారి అనుమతించినది 1930లో. ఆ యేడే జాక్లిన్ లాటిను అనువాదమున ప్రథమ బహుమానమును, గ్రీకున ద్వితీయ బహుమానమును గెలిచెను. 1933లో ఎకోల్ నోర్మాల్ సుపీరియర్‌లో చేరెను. అది పురుషుల కొఱకై ఏర్పడిన విద్యాలయము. ఆ కాలమున కొలదిమంది స్త్రీలు ప్రవేశపరీక్షలో నెగ్గి అందు చేరగలిగిరి. తరువాత ఆ వెసులుబాటు తొలగెను. 1985లో స్త్రీల విద్యాలయముతో దానిని ఏకము చేయు వఱకు ఆ స్థితి కొనసాగెను. కావున ప్రతిభ యొక్కటియే చాలదు. తలుపు తెరచిన సంవత్సరమున వాకిట నుండుటయు వలయును. ఆమెయు ఈ సంగతి నెఱుగును. స్త్రీలకు ద్వారములు తెరచుకొనుచున్న తరమున పుట్టుట తన భాగ్యమని ఆమె చెప్పుకొనెడిది.

విద్యార్థినిగా నున్న దినములలో తల్లి ఆమెకు ఒక పాత పుస్తకమును కానుక యిచ్చెను. ఒక ప్రక్క గ్రీకును మఱియొక ప్రక్క లాటినును గల థ్యూసిడిడీసు గ్రంథమది. ఆ పుస్తకముతో ఆరంభమైన పఠనము దాదాపు ఎనుబదియేండ్లు సాగినది.

1936లో అధ్యాపకనియామకపు పోటీపరీక్షయైన అగ్రెగాసియోనులో ఉత్తీర్ణురాలై ఆమె ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించెను. 1940లో మిషెల్ వోర్మ్స్ ద రోమిలీని వివాహమాడెను. ఆ యేటి అక్టోబరు 3వ తేదీన విషీ ప్రభుత్వము యూదులను గూర్చి ఒక శాసనము చేసెను. దాని ప్రకారము యూదు వంశీయులు బడిలో పాఠము చెప్పరాదు. ఏ దేశము కొఱకు తండ్రి ప్రాణము లిచ్చెనో ఆ దేశమే, ఆ తండ్రి రక్తము కారణముగా, కుమార్తె చేతినుండి పాఠ్యపుస్తకమును లాగికొనెను. దేశవిముక్తి వఱకు ఆమెకు ఉద్యోగము లేదు. విముక్తి యనంతరము పదవి తిరిగి లభించినది. 1947లో ఆమె డాక్టరు పట్టమునకై సమర్పించిన మహావ్యాసము ప్రకటితమైనది. దాని విషయము ఏథెన్సు సామ్రాజ్యతృష్ణ. బలవంతుడు న్యాయమును త్రోసిపుచ్చు విధమును ఆమె కేవలము పుస్తకములలోనే చూడలేదు. అయినను ఆ వ్యాసమందలి వాదము గ్రీకు వాక్యములపై నిలిచినదే కాని స్వానుభవముపై నిలిచినది కాదు.

ఆ వాదమును గ్రహించుటకు థ్యూసిడిడీసును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏథెన్సు, స్పార్టా రాజ్యములకు క్రీ.పూ. 431 నుండి 404 వఱకు జరిగిన యుద్ధమును ఆయన వర్ణించెను. ఆయన స్వయముగా ఏథెన్సు సేనానులలో నొకడు. క్రీ.పూ. 424లో ఆంఫిపొలిసు పట్టణమును కాపాడలేకపోయిన కారణమున దేశబహిష్కృతుడయ్యెను. గ్రంథము క్రీ.పూ. 411 నాటి సంఘటనలకడ, నడుమనే, ఆగిపోయినది. కాని యుద్ధాంతమున ఏథెన్సు ఓడినదని ఎఱిగి వ్రాసిన భాగములు మొదటి ప్రకరణములలోనే కొన్ని కలవు. అట్లయినచో ఏ భాగము ఎప్పుడు వ్రాసినది? 1846లో ఉల్రిఖ్ అను జర్మను పండితుడు లేవదీసిన ఈ ప్రశ్న నూఱేండ్లు విద్వాంసులను వదలలేదు. గ్రంథమును పొరలు పొరలుగా విప్పి, ఇది తొలిరచన, ఇది మలిరచన అని గీతలు గీయుటలో తరములు గడచిపోయినవి. ఒకరు గీచిన గీత మఱియొకరికి నచ్చెడిది కాదు.

రోమిలీ ఆ ప్రశ్నను త్రోసివేయలేదు. దానిని మఱియొక దారినుండి సమీపించినది. గ్రంథమంతట వ్యాపించిన ఒకే విషయమును, సామ్రాజ్యమును గూర్చిన తలపును, పట్టుకొని ఆద్యంతములు పరిశీలించినది. సామ్రాజ్యము నిరంకుశాధికారము వంటిదని పెరిక్లీసు అనును, క్రీ.పూ. 427లో మిటిలీనీ నగరవాసుల శిక్షను గూర్చిన చర్చలో క్లియోనును ఇంచుమించు అదే మాట అనును. ఇరువురి భేదమెక్కడ? పెరిక్లీసు ఉన్నదానిని నిలుపుకొనుమనును, యుద్ధకాలమున క్రొత్తదానికై ఆశపడవలదనును. తరువాతి నాయకులకు ఆ నిగ్రహము లేదు. క్రీ.పూ. 416లో మీలోసు ద్వీపవాసులతో ఏథెన్సు రాయబారులు న్యాయము ప్రసక్తియే వలదని మాటలాడుదురు. మఱుసటి యేటనే సిసిలీ దండయాత్ర, దాని వెంట వినాశము. థ్యూసిడిడీసు సామ్రాజ్యమును సామ్రాజ్యముగా నిందింపలేదు, హద్దు మీఱుటను నిందించెనని ఆమె నిర్ణయము. ఆ నిర్ణయము గ్రంథమంతట ఏకరూపముగ నున్నదనియు, వేర్వేరు కాలములలో వ్రాసినను చింతన యొక్కటే యనియు ఆమె నిరూపించినది. అతుకులున్నవి, కాని అతికినవాని బుద్ధి రెండు విధములు కాదు.

తెలుగు పాఠకునకు ఈ చర్చ పరాయిది కాదు. నన్నయ అరణ్యపర్వమున చతుర్థాశ్వాసము నడుమ ఆగెను. శేషమును ఎఱ్ఱన పూరించెను. ఆ సంధిస్థానమున శైలి యెచ్చట మాఱినదో వెదకుట మనకు పరిపాటి. మూలభారతమును గూర్చియు పొరలవాదమునకును, 1895లో దాల్‌మన్ లేవదీసిన ఏకత్వవాదమునకును నడచిన తగవు సంస్కృతజ్ఞులెఱిగినదే. అయితే నన్నయ యెడ కర్తృభేదము ప్రసిద్ధము. థ్యూసిడిడీసు యెడ కర్త యొక్కడే. కావున రోమిలీ మార్గమును ఉన్నదున్నట్లు తెచ్చి మన భారతమునకు తగిలించరాదు. అతుకును వెదకుటకు ముందు తలపును వెదకుమను సూచన మాత్రము గ్రహింపదగినది.

ఆమె గ్రంథములలో అత్యుత్తమమైనది 1956లో వెలువడిన 'థ్యూసిడిడీసునందు చరిత్రయు యుక్తియు'. అది చిన్న పుస్తకము, నాలుగే ప్రకరణములు. చరిత్రకారుడు కథనము నెట్లు నడుపును, యుద్ధము నెట్లు వర్ణించును, పరస్పరవిరుద్ధములగు ఉపన్యాసము లెట్లు కూర్చును, పూర్వకాలమును గూర్చి ఎట్లు ఊహించును - ఇంతే. కాని సాహిత్యవిమర్శకుని పనిముట్లతో చరిత్రగ్రంథమును విప్పి చూపుట అందలి విశేషము.

ఒక యుదాహరణము. క్రీ.పూ. 429లో కొరింతు సింధుశాఖలో ఏథెన్సు నౌకాధిపతి ఫోర్మియో కడ 20 నౌకలు. శత్రువుల కడ 47. శత్రువులు తమ నౌకలను ముందుకొనలు వెలుపలికి వచ్చునట్లు వలయముగ నిలిపిరి. ఫోర్మియో వారిచుట్టు తన నౌకలను వరుసగ త్రిప్పుచు, వలయమును క్రమముగ కుదించుచు కాచుకొనియుండెను. ఆయన లెక్క యిది: వేకువజామున సింధుశాఖనుండి గాలి వీచుట వాడుక; గాలి వీచినచో ఇఱుకున నున్న నౌకలు ఒకదానితో నొకటి తాకి చెదరును; అప్పుడు దాడి చేయవచ్చును. గాలి వీచినది. నౌకలు తాకికొన్నవి. నావికులు గడలతో త్రోసికొనుచు కేకలు వేయుటచే ఆజ్ఞలు వినబడలేదు. ఫోర్మియో దాడి చేసి గెలిచెను.

సామాన్యపాఠకుడు దీనిని ఉత్సాహకరమైన యుద్ధవర్ణనగా చదివి విడుచును. ఇట్టి వర్ణనలయందు రోమిలీ చూపినది వేఱు. నాయకుని మనస్సులోని ఊహగా మొదట చెప్పిన అంశములే తరువాత జరిగిన సంగతులుగా, ఒక్కొక్కచో అవే పదములతో, తిరిగి వచ్చును. ఊహకును ఫలితమునకును నడుమ గల పోలికయే ఆ నాయకుని బుద్ధికి నిదర్శనము. చరిత్రకారుడు తన నోట ఒక్క ప్రశంసావాక్యమైనను పలుకనక్కఱలేదు. సిరక్యూసు ముట్టడి కథయు ఇట్టిదే. ఏథెన్సువారు నగరమును చుట్టి గోడ కట్టుదురు. నగరవాసులు అడ్డుగోడలు కట్టుదురు. గోడ పూర్తికావచ్చిన తరుణమున స్పార్టా సేనాని గైలిప్పసు వచ్చిపడును. గోడ, అడ్డగించుట, ముందుగ చేరుట - ఈ పదములే మరల మరల వచ్చుచు వేర్వేరు దినముల సంఘటనలను ఒకే తర్కసూత్రమున గ్రుచ్చుచుండును. ఇట్టి పదసామ్యములను గుర్తించు పద్ధతికి ఆమె గురువైన లూయీ బొదాన్‌కును ఋణపడియున్నది.

మన ఆలంకారికులు పునరుక్తిని దోషములలో చేర్చిరి. వారు చెప్పినది ప్రయోజనము లేని పునరుక్తిని గూర్చి. గద్యమునందు ప్రయోజనము గల పునరుక్తి యెట్లుండునో తెలిసికొనగోరు విద్యార్థికి ఈ గ్రంథమును మించినది దొరకుట యరుదు. తెలుగున గద్యమునకు ఇట్టి సూక్ష్మపరీక్ష ఇంకను కొఱతగానే యున్నది. పద్యమునకు మనము చేసిన సేవలో పదవవంతైనను గద్యమునకు చేయలేదు.

ఈ విమర్శగ్రంథములకు తోడుగ అనువాదము నడచినది. గ్రీకు మూలమును ఫ్రెంచి అనువాదమును ఎదురెదురుగ ముద్రించు బుదే గ్రంథమాలకై ఆమె థ్యూసిడిడీసు ఎనిమిది భాగములను సిద్ధపఱచినది. కొన్నిటియందు బొదాన్, మఱికొన్నిటియందు రేమోన్ వైల్ ఆమెకు తోడ్పడిరి. మొదటి భాగము 1953లో వచ్చినది, ఎనిమిదవది 1972లో. పందొమ్మిదేండ్ల పని. ఇంతలో ఆమె 1949 నుండి లీల్ విశ్వవిద్యాలయమునను, 1957 నుండి సోర్బోనునందును బోధించినది. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆమె పీఠమునకు పెట్టిన పేరు గ్రీసును నైతిక రాజకీయ చింతనావతరణమును గూర్చినది; 1984 వఱకు ఆమె ఆ పీఠము నధిష్ఠించినది.

ఇతర గ్రంథములు అనేకములు. ఈస్కిలసు నాటకములలోని భయమును గూర్చి 1958లో ఒకటి. గ్రీకు విషాదనాటకములలో కాలస్వరూపమును గూర్చి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఇచ్చిన ఉపన్యాసములు 1968లో ఆంగ్లమున వెలువడినవి. గ్రీకు చింతనలో శాసనమును గూర్చి 1971లో మఱియొకటి. వీనిలో ప్రత్యేకముగ పేర్కొనదగినది 1979 నాటి గ్రంథము. దాని పేరులోని ఫ్రెంచి పదము 'దూసర్'. మాధుర్యము, మార్దవము, సౌమ్యత - మూడును ఆ పదములో నిమిడియున్నవి. తెలుగున ఒక్క మాటతో దానిని పట్టుట కష్టము. ప్రస్తుతమునకు సౌమ్యత యనుకొందము. యుద్ధములకును ప్రతీకారములకును పేరుపడిన గ్రీకుజాతిలో సౌమ్యత ఒక విలువగా ఎట్లు పెరిగినదని ఆమె ప్రశ్న. ఆమె సమాధానము మరల పదములనుండియే వచ్చినది. హోమరునందు దయగల ప్రభువునకు 'ఏపియోసు' అను విశేషణము కలదు. తరువాత ప్రసిద్ధమైన 'ప్రాఓసు' అను మాట హోమరు కావ్యములలో కానరాదు. మానవప్రియుడను అర్థముగల 'ఫిలాంత్రోపోసు' తొలుత కనబడునది బద్ధప్రొమీథియసు నాటకమున. అచ్చట అది దేవత యొక్క గుణము. క్రీ.పూ. నాలుగవ శతాబ్దమున ఇసోక్రటీసు, జెనోఫను కాలమునకు ఈ పదములు రాజులకును, రాజ్యములకును, పౌరులకును వర్తించును. అరిస్టాటిలు కోపవిషయమున మధ్యమార్గముగ సౌమ్యతను సద్గుణములలో చేర్చెను. ప్లూటార్కు జీవితచరిత్రలనిండ ఈ పదములే. ఒక జాతి నీతి మాఱిన విధమును ఆ జాతి నిఘంటువునుండి రాబట్టవచ్చునని ఈ గ్రంథము చూపినది.

ఆమెపై విమర్శ లేకపోలేదు, ఉండవలసినదే. ఆమె చిత్రించిన ఏథెన్సు మిక్కిలి కాంతిమంతము. చర్చాసభలు, శాసనములు, నాటకములు అందు నిండుగ కనబడును. బానిసలు, గృహములందలి స్త్రీలు, వెండిగనులలో పనిచేసినవారు మాత్రము అరుదుగ కనబడుదురు. ఆమె కాలముననే పారిసులో జాన్ పియేర్ వెర్నాన్, పియేర్ విదాల్-నాకే మొదలైనవారు మానవశాస్త్రదృష్టితో గ్రీకు పురాణములను, కర్మకాండను, సంఘవ్యవస్థను పరిశీలించి మఱియొక గ్రీసును చూపించిరి. వారి మార్గమున నడచిన నికోల్ లోరో 1980లో ఒక వ్యాసమునకు థ్యూసిడిడీసు మన సహోద్యోగి కాడను అర్థము వచ్చు పేరు పెట్టినది. ప్రాచీనుని ఆధునిక చరిత్రకారునివలె చూచి నమ్మవలదని దాని తాత్పర్యము. అది రోమిలీని ఉద్దేశించి చెప్పినది కాకపోయినను, ఆమె పఠనమునకును తగులును. థ్యూసిడిడీసు బుద్ధిని అంత సన్నిహితముగ అనుసరించినవారు ఆ బుద్ధి చూడనిదానిని తామును చూడకపోవు ప్రమాదము కలదు. పురుషుల విద్యాలయములలో తొలిగా అడుగిడిన స్త్రీ ప్రాచీన ఏథెన్సు స్త్రీని గూర్చి ప్రత్యేకగ్రంథము వ్రాయకపోవుట కొందఱి కాశ్చర్యము. ఆమె తనను స్త్రీపండితురాలినిగా గాక పండితురాలినిగా గుర్తింపవలెనని కోరిన తరమునకు చెందినది. ఆ కోరికను తప్పుపట్టుట సులభము. ఆ తరమున ఆ కోరిక లేక ఆ మెట్లెక్కుట సులభము కాదు.

ఆమె జీవితమున అసలు క్లేశకరమైన సంగతి మఱియొకటి. 1968 అక్టోబరులో విద్యామంత్రి ఎద్గార్ ఫోర్ ఉన్నతపాఠశాలల మొదటి తరగతినుండి లాటినును తొలగించెను. ఆ యేటి విద్యార్థికల్లోలము తరువాత 1969లో రోమిలీ ఉపాధ్యాయవృత్తిని గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. 1984లో, పదవీవిరమణ చేసిన యేటనే, ఆపదలో నున్న విద్యను గూర్చి మఱియొకటి. 1992లో సాహిత్యవిద్యాసంరక్షణకై ఒక సంఘమును స్థాపించెను. తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. గ్రీకు చదివిన స్త్రీకి ఒక్కొక్క మహాపీఠము ద్వారము తెరచుచున్న దశాబ్దములలోనే, గ్రీకు చదువు మొదలిడు బాలబాలికల తరగతులు ఒక్కొక్కటిగ పలుచబడినవి. గౌరవము పైనుండి వచ్చినది. విద్యార్థి క్రిందినుండి రావలెను. పీఠము లెన్ని లభించినను మొదటి తరగతిలో అక్షరములు దిద్దువారు లేనిచో ఆ పీఠమునకు ఉత్తరాధికారి యెవరు? స్వరాష్ట్రమునకు వెలుపల మాతృభాషను బోధించు విభాగములకు ఈ ప్రశ్న వివరించి చెప్పనక్కఱలేదు.

ఆమె వాదమును కొందఱు పాతకాలపు మోహమనిరి. ఆ మాట సగమే నిజము. గ్రీకు భాష ఉన్నతకులముల అలంకారముగ మిగిలిపోవుటను ఆమె కోరలేదు. ప్రభుత్వపాఠశాలలో ఉచితముగ చెప్పవలెనని ఆమె పోరాటము. భాషను నిదానముగ, ఖచ్చితముగ చదువ నేర్చిన పౌరుడు వక్తల మాటలకు తేలికగ లొంగడని ఆమె నమ్మకము. క్లియోను ఉపన్యాసమును, దానికి డయోడోటసు ఇచ్చిన ప్రత్యుత్తరమును ప్రక్కప్రక్కన పెట్టి జీవితమంతయు బోధించిన వ్యక్తికి అట్టి నమ్మకము కలుగుట సహజము.

తుదిదినములలో ఆమె చూపు దాదాపు పూర్తిగ పోయినది. సంతానము లేదు, వివాహబంధము 1973లోనే తెగిపోయినది. అయినను తన జీవితమును గూర్చి అడిగినవారితో, ఒడుదుడుకు లెట్లున్నను ఉపాధ్యాయజీవితము మాత్రము మొదటినుండి చివరివఱకు తాను కోరుకొన్నట్లే గడచినదని చెప్పినది. గ్రీసు దేశము 1995లో ఆమెకు పౌరసత్వ మొసగెను. 2010 డిసెంబరు 18న, 97వ యేట, ఆమె మరణించెను. తల్లిని గూర్చి ఆమె ఎన్నడో వ్రాసి దాచియుంచిన చిన్న పుస్తకము మఱుసటి సంవత్సరము వెలుగు చూచినది.

2000లో గ్రీకు భాషను సమర్థించుచు ఒక వ్యాససంపుటము వెలువడినది. దానికి సంపాదకులిద్దఱు. ఒకరు రోమిలీ, రెండవవారు వెర్నాన్. గ్రీసును గూర్చి ఆ యిరువురి దృష్టులు వేఱు, పద్ధతులు వేఱు, శిష్యవర్గములు వేఱు. కాని గ్రీకు తరగతులు మూతపడు స్థితి వచ్చినప్పుడు ఇరువురును ఒకే పుస్తకమునకు సంపాదకులైరి.